నోటిలోని కొవ్వుకంతి

మన యిండ్లలో నొప్పి పుట్టినప్పుడే వ్యాధి వచ్చినదని యెంచుట వాడుక. పిల్లవానికి పన్ను పోటెత్తిన రాత్రి యిల్లంతయు మేలుకొనును. అత్తగారికి మోకాలు పట్టినచో వెంటనే తైలము కాచుదురు. నొప్పి లేనిదానిని వ్యాధి యనుకొను అలవాటు మనకు లేదు. అందులోను ఆ నొప్పిలేని వ్యాధి యింటి యిల్లాలికే వచ్చినచో ఇక చెప్పవలసిన పని లేదు. వంటపనులు, పిల్లల పరీక్షలు, కూతురి పురుడు, తద్దినములు, పండుగలు—ఇవి యన్నియు తీరిన పిదపగాని ఆమె వంతు రాదు. అట్లు వంతు రాక సంవత్సరముల తరబడి నోటిలోనే దాగియుండు వ్యాధులలో కొవ్వుకంతి యొకటి. వైద్యులు దీనిని లైపోమా యందురు.

ఈ కంతి విషయమున మన సోదరీమణులు రెండు విధముల పొరపడుచుందురు. నొప్పి లేదు గదా యని ఉపేక్షించుట మొదటిది. కంతి యను మాట వినినంతనే రాచపుండని తలచి, భయముచేత ఎవరికిని చెప్పక దాచుకొనుట రెండవది. ఈ రెంటి ఫలితమును ఒక్కటే. నోరు తెఱచి వైద్యునికి చూపరు. ఉపేక్షయు భయమును రెండును అనవసరములనియు, చూపించుట మాత్రము మిక్కిలి యవసరమనియు తెలుపుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

గడ్డ వేఱు, కంతి వేఱు

మన భాషలో గడ్డ, కంతి అను రెండు మాటలు ఉన్నవి. వీని భేదమును మన పెద్దలు చక్కగా ఎఱుగుదురు. గడ్డ యనునది సెగతో లేచును, ఎఱ్ఱబాఱును, సలుపును, పక్వమై చీము పట్టును. కంతి యట్లు కాదు. అది చడీచప్పుడు లేక పుట్టి, వేడి లేక, సలుపు లేక, నెలలమీదను ఏండ్లమీదను పెరుగును. గడ్డను కోసి చీము వెడలింతురు. కంతిని కోసి పిండిన ప్రయోజనము లేదు. దానిని సమూలముగ తీసివేయవలెను. సుశ్రుతాచార్యుడు చెప్పిన ఎనిమిది శస్త్రకర్మలలో భేదనము, ఛేదనము అనునవి వేర్వేఱుగా నుండుట చదువరులు గమనింపదగిన విషయము. చీలిక చేయుట భేదనము. ఖండించి తీసివేయుట ఛేదనము. మొదటిది గడ్డకు, రెండవది కంతికి చేయదగిన పనులు.

కంతులలో మరల రెండు తెగలు కలవు. తాను పుట్టిన చోటనే యుండి, ప్రక్కనున్న భాగములను త్రోయునే గాని తినివేయక, శరీరమున మఱియొకచోటికి ప్రాకకుండునది సాధుకంతి. చుట్టునున్న మాంసమును ఎముకను చొచ్చుకొనిపోయి, మెడలోని గ్రంథులకును, దూరపు అవయవములకును వ్యాపించునది దుష్టకంతి. రాచపుండు ఈ రెండవ తెగకు చెందినది. కొవ్వుకంతి మొదటి తెగలోనిది.

కొవ్వు కంతిగా నేర్పడుట

కొవ్వు మన శరీరమునకు శత్రువు కాదు. చర్మము క్రింద పఱుపువలె నుండి అది వేడిని కాపాడును; ఆహారము చాలని దినములలో కరగి బలమునిచ్చును. బుగ్గల లోపల సైతము మెత్తవలె నొక కొవ్వుముద్ద కలదు. ఒక్కొక్కప్పుడు ఒకచోటి కొవ్వుకణములు మాత్రము శరీరపు కట్టుబాటు తప్పి, వేరు కాపురము పెట్టినట్లు తమలో తాము పెరిగి ముద్దకట్టును. దానిచుట్టు పలుచని పొర యొకటి యేర్పడును. లోపల సన్నని నారపోగులచే విభజింపబడిన చిన్న చిన్న తమ్మెలు ఉండును. ఇదియే కొవ్వుకంతి.

ఇది యెందుకు పుట్టునను ప్రశ్నకు సంపూర్ణమగు సమాధానము నేటికిని దొరకలేదు. అనేక కొవ్వుకంతుల కణములను పరీక్షింపగా 12వ క్రోమోజోములో మార్పులు కనబడినవి. దెబ్బ తగిలిన చోట పుట్టునని కొందఱి యభిప్రాయము. నెయ్యి యెక్కువ తినుటచేత పుట్టునను మాట నమ్మదగినది కాదు. అంటువ్యాధియు కాదు. తల్లి నోట కంతి యున్నంత మాత్రమున బిడ్డను ముద్దాడరాదని శంకింప నక్కఱలేదు.

ఒక్క వింత మాత్రము చెప్పదగియున్నది. సుశ్రుతసంహితలో నిదానస్థానమున మేదోజగ్రంథి యను పేర కొవ్వుతో కూడిన కంతి వర్ణింపబడినది. అది నునుపుగ నుండుననియు, నొప్పి స్వల్పమనియు అచట చెప్పినది నేటి వైద్యులు చూచుచున్న దానికి సరిపోవుచున్నది. కాని శరీరము బలిసినప్పుడు కంతి పెరుగుననియు, చిక్కినప్పుడు తగ్గుననియు అందు గలదు. నేటి యనుభవము దీనికి విరుద్ధము. మనిషి యుపవాసములచేత ఎముకలగూడైనను కొవ్వుకంతి తన కొవ్వును విడువదు. ఇంటిలో కఱవు వచ్చినను తన గాదె తాళము తీయని లోభివంటిది ఇది. కావున పత్యము చేసియో, ఒడలు తగ్గించుకొనియో దీనిని కరగింపగలమనుకొనుట వట్టి భ్రమ.

నోటిలో దీని రూపము

వీపు, భుజము, మెడ, చేతులయందు ఇట్టి కంతులను అందఱును చూచియే యుందురు. నోటిలో మాత్రము ఇది యరుదు. నోట పుట్టు సాధుకంతులలో కొవ్వుకంతులు నూటికి సుమారు 1 మొదలు 4 వఱకు ఉండునని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. 1848లో రూ అను వైద్యుడు దంతమూలములయందలి కంతులను గూర్చి వ్రాయుచు, దీనిని పసుపుపచ్చని చిగురుకంతి యని పేర్కొనెను. నోటి కొవ్వుకంతిని గూర్చిన మొదటి వర్ణన అదియే యందురు.

ఎక్కువగ ఇది బుగ్గ లోపలితట్టున పుట్టును. నాలుకమీద, పెదవి లోపల, నాలుక క్రింద, అంగిటియందు, చిగుళ్లప్రక్కను సైతము కనబడవచ్చును. తఱచు నలుబది యేండ్లు దాటినవారిలో చూచుచున్నారు, పిల్లలలో అరుదు. స్త్రీపురుషుల నిరువురను ఇది సోకును.

చూపునకు నునుపైన గుండ్రని పొంగువలె నుండును. నోటి లోపలి చర్మము పలుచన గనుక, పైపైన నున్న కంతి లేత పసుపురంగుగా, వెన్నముద్దవలె తోచును. పైన సన్నని రక్తనాళములు ప్రాకియుండును. లోతుగా నున్నచో ఆ రంగు తెలియదు. బుగ్గ లోపల ఏదో యుబ్బినట్లు మాత్రమే కనబడును. వ్రేలితో తాకినచో పిసికిన పిండివలె మెత్తగ నుండును. అంచును నొక్కినచో వ్రేలి క్రిందనుండి జారిపోవును. ప్రాయికముగ ఒకటి రెండు సెంటీమీటర్లకు మించదు. అయినను ఏండ్ల తరబడి విడిచిపెట్టినచో అంతకు మించి పెరుగుటయు కలదు.

పెరిగిన కొలది చిక్కులు మొదలగును. బుగ్గలోని కంతి పండ్ల నడుమ పడి కొఱుకుడు పడును. ఆ కొఱికిన చోట పుండగును. నాలుకమీది కంతి మాటను తడబడజేయును. నాలుక క్రింద పెరిగినది మ్రింగుటకు అడ్డగును. కట్టుడుపండ్లు పెట్టుకొనువారికి పండ్లకట్టు సరిగా కూర్చొనదు. అంతవఱకు ఊరకుండి, అన్నము తినలేని స్థితి వచ్చిన పిమ్మట వైద్యుని చేరుట కంటె, గోళీకాయంత యున్నప్పుడే చూపించుకొనుట సుకరము గదా.

కొవ్వుకంతి వలె కనబడునవి

కొవ్వుకంతి సాధువే యైనచో ఇంత చెప్పనేల యని చదువరులు ప్రశ్నింపవచ్చును. నోటిలో మెత్తగ పొంగినదెల్ల కొవ్వుకంతి కాకపోవుటయే దీనికి కారణము.

పెదవి లోపల నీటిబుగ్గవలె లేచి, పగిలి, మరల నిండుచుండునది లాలాజలము నిలిచిపోవుటచే నగు పొంగు. అట్టిదే నాలుక క్రింద కప్పబొడ్డువలె నీలపు ఛాయతో పెరుగవచ్చును. పండ్లు కొఱుకుడు పడిన చోట కొంచెము గట్టిగ నుండి, నోటిచర్మపు రంగులోనే యుండునది నారకంతి. అంగిటిమీదనో బుగ్గలోనో గట్టిగా లేచినది లాలాగ్రంథులలో పుట్టిన కంతి కావచ్చును; వీనిలో కొన్ని సాధువులు, కొన్ని దుష్టములు. కొవ్వుకణములలోనే పుట్టు దుష్టకంతి సైతము కలదు; నోటియందు అది మిక్కిలి యరుదు. ఇన్నింటిని యింటిలో కూర్చుండి అద్దములో చూచి నిర్ణయించుట యెవరి తరము? వైద్యుడు సైతము చూపుతోను స్పర్శతోను ఊహ మాత్రమే చేయగలడు. తుదితీర్పు సూక్ష్మదర్శినిదే.

మన ప్రాంతమున ఈ జాగ్రత్త మఱింత యవసరము. పొగాకు నమలుట, వక్కపొడితో పొగాకు చేర్చి బుగ్గన నుంచుకొనుట, గుట్కా తినుట మన స్త్రీలలో లేని యలవాటులు కావు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల పల్లెలలో కొందఱు స్త్రీలు చుట్టను నిప్పుకొన నోటిలోపల నుండునట్లు పెట్టుకొని త్రాగు వాడుక తరతరములనుండి యున్నది. దీనినే అడ్డపొగ యందురు. ఆంధ్రప్రదేశమున 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లను పరీక్షించి, అడ్డపొగవలన కలుగు మార్పులను గూర్చి వ్రాసిన నివేదిక యొకటి 1971లో వెలువడినది. ఆ నిప్పుసెగకు అంగిలి తెల్లబాఱి, మచ్చలు పడి, కొందఱిలో రాచపుండుగ మాఱును. పొగాకు కొవ్వుకంతిని పుట్టించునని మేము చెప్పుట లేదు. పొగాకు అలవాటున్న నోటిలో పుట్టిన కంతిని ఏమీ కాదులెమ్మని త్రోసివేయుట ప్రాణాపాయమని మాత్రము చెప్పుచున్నాము.

ఈ క్రింది గుర్తులలో ఏ యొక్కటి యున్నను ఒక్క దినమైనను జాగు చేయరాదు. రెండు వారములు గడచినను మానని పుండు. రుద్దినను పోని తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ. కారణము లేక రక్తము కారుట. కంతి రాయివలె గట్టిపడి కదలకుండుట. కొలది వారములలోనే పెద్దదగుట. పెదవియో నాలుకయో మొద్దుబాఱుట. గట్టి పండ్లు ఊగుట. నోరు పూర్తిగ తెఱచుకొనకపోవుట. మెడలో బిళ్లలు కట్టుట. ఇవి కొవ్వుకంతి లక్షణములు కావు.

చేయరాని చికిత్సలు

కంతి కనబడినంతనే ఇరుగుపొరుగులు తలకొక చిట్కా చెప్పుదురు. సున్నము బెల్లము కలిపి పట్టు వేయుమని యొకరు, జీడి పెట్టుమని మఱియొకరు, గుఱ్ఱపు వెండ్రుకతో బిగించి కట్టుమని వేఱొకరు, వాత పెట్టించుమని యింకొకరు. వారి మనసు మంచిదే. కాని నోటి లోపలి చర్మము కందిన పూరేకువంటిది. సున్నమునకు పొక్కును. జీడికి కాలి పుండుపడును. కట్టు కట్టినచో పైచర్మము కుళ్లును. లోపలి కంతి చెక్కుచెదరదు. పైగా ఇట్లు పుండుపడిన కంతిని వైద్యుడు చూచినప్పుడు అది మొదట సాధువో కాదో పోల్చుట కష్టమగును. సూదితో గ్రుచ్చి పిండుట సైతము నిషిద్ధము. లోపల నున్నది చీము కాదు, కొవ్వు. అది వెలికి రాదు. సూదివెంట మలినము మాత్రము లోనికి పోవును.

మ్రింగు మందులచేత కరగు కంతియు కాదిది. కరగించెదమని చెప్పి నెలల తరబడి పొట్లములిచ్చువారి మాట నమ్మి కాలమును ధనమును పోగొట్టుకొనవలదు.

నొప్పి భయము

శస్త్రచికిత్స యనగానే గుండె ఝల్లుమనుట సహజము. మన ముత్తవ్వల కాలమున ఆ భయమునకు కారణము లేకపోలేదు. మెలకువగ నున్న మనిషినే నలుగురు పట్టుకొని కోసెడివారు. ఆ దుస్థితి తొలగుటకు దారి చూపినది ఒక దంతవైద్యుడే. 1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టను నగరమున మార్టను అను దంతవైద్యుడు ఈథరు ఆవిరి పీల్పింపగా, వారెను అను శస్త్రవైద్యుడు ఒక రోగి మెడలోని కంతికి నలుగురి యెదుట చికిత్స చేసెను. 1884లో కొల్లరు అను వైద్యుడు కొకెయిను చుక్కలతో కంటికి మాత్రమే స్పర్శ తెలియకుండ చేయవచ్చునని చూపెను. నాటినుండి మనిషినంతను నిద్రపుచ్చక, కోయు చోటిని మాత్రమే మొద్దుబాఱజేయు విద్య వర్ధిల్లినది. నేడు దంతవైద్యులు తఱచుగ వాడు లిగ్నోకెయిను అను మందును 1943లో స్వీడను దేశీయుడగు లోఫ్‌గ్రెను సిద్ధపఱచెను.

ఈ చరిత్రలో మన నేలకును స్థానము కలదు. క్లోరోఫారము మత్తు ఎంతవఱకు క్షేమమో తేల్చుటకు 1888లోను, 1889లోను నిజాము ప్రభువు వ్యయముతో హైదరాబాదున రెండు పరిశోధకసంఘములు పనిచేసినవి. ఆ కాలముననే హైదరాబాదు వైద్యపాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూంజీ అను వైద్యురాలు రోగులకు క్లోరోఫారము ఇచ్చుటలో ఆరితేరి, మత్తువైద్యమును వృత్తిగ గైకొన్న తొలి స్త్రీలలో నొకరని కీర్తి గడించిరి. ఒక స్త్రీ నూఱేండ్లకు పూర్వమే పరుల నొప్పిని మాన్పు విద్యను ఇచట అభ్యసించియుండగా, నేటి మన సోదరీమణులు ఆ నొప్పికి వెఱచి వెనుదీయుట తగునా?

శస్త్రచికిత్స జరుగు తీరు

మొదట వైద్యుడు కంతిని చూచి, లోపలినుండి యొక వ్రేలు, వెలుపలనుండి యొక వ్రేలు పెట్టి తాకి, దాని లోతును కదలికను తెలిసికొనును. చిన్నదియు పైపైనున్నదియునైన కంతికి ఇంతకంటె పరీక్ష అక్కఱలేకపోవచ్చును. పెద్దదియో లోతుగలదియో యైనచో అల్ట్రాసౌండుతోగాని, ఎం. ఆర్. ఐ. చిత్రముతోగాని అది యెంతవఱకు వ్యాపించినదో చూచును. ఒక్కొక్కయెడ సన్నని సూదితో కొన్ని కణములను లాగి పరీక్షింపజేయును.

ఈ సమయమున రోగి తన సంగతులు దాచక చెప్పవలెను. మధుమేహము, రక్తపు పోటు, గుండెజబ్బు, ఉబ్బసము ఉన్నచో చెప్పవలెను. రక్తమును పలుచన చేయు మాత్రలు వేసికొనుచున్నచో ఆ మాత్రల పేరు చూపవలెను. తనకు తానుగ వానిని మానరాదు. ఏ సూదిమందైనను పడకపోయినచో తెలుపవలెను. గర్భవతి యైనచో సిగ్గుపడక ముందుగనే చెప్పవలెను. తొందరలేని సాధుకంతి యని తోచినచో పురుడు వచ్చినదాక ఆగవచ్చునేమో వైద్యుడు నిర్ణయించును.

సామాన్యముగ ఈ చికిత్సకు ఆసుపత్రిలో పండుకొన నక్కఱలేదు. ఉదయము వెళ్లి మధ్యాహ్నమునకు యిల్లు చేరవచ్చును. లిగ్నోకెయినులో కొంచెము అడ్రినలిను కలిపి కంతి చుట్టును సూది వేయుదురు. ఈ రెండవ మందు రక్తనాళములను ముడుచుకొనజేసి రక్తము ఎక్కువ కారకుండ చేయును. సూది గ్రుచ్చునప్పటి చుఱుకే రోగికి తెలియునది; తరువాత తాకుడును ఒత్తిడియు తెలియునుగాని నొప్పి తెలియదు. మిక్కిలి పెద్ద కంతులకును, లోతైనవానికిని మాత్రము పూర్తిమత్తు ఇత్తురు.

పిదప కంతిమీది చర్మమును మాత్రము కత్తితో చీల్చి, మొద్దు పరికరముతో కంతిని చుట్టునున్న భాగములనుండి మెల్లగ విడదీయుదురు. చక్కని పొర యున్నచో తొక్కలోనుండి బటానీగింజ జారినట్లు కంతి మొత్తముగ వెలికి వచ్చును. ఈ పనిలో నేర్పు కావలసిన తావులు కొన్ని కలవు. పై దవడ రెండవ పెద్దదంతమునకు ఎదురుగ బుగ్గలో లాలాజలపు నాళము తెఱచుకొనును. నాలుక క్రిందను అట్టి నాళములు కలవు. క్రింది పెదవికిని నాలుకకును స్పర్శనిచ్చు నరములు దగ్గఱలోనే పోవుచుండును. వీనిని గాయపఱుపక కంతిని తీయుటకే శిక్షణ పొందిన ముఖ, దవడ శస్త్రవైద్యుని ఆశ్రయింపుమని చెప్పుట. కంతి వచ్చిన పిమ్మట రక్తము నిలిచినదని చూచుకొని, పట్టుదారముతోనో, తానుగ కరగిపోవు దారముతోనో కుట్లు వేయుదురు. నోటి లోపలి గాయము గనుక ముఖముమీద మచ్చ పడదు. ఆడపిల్ల పెండ్లికి అడ్డమగునని దాచుకొను తల్లులు ఈ మాటను గుర్తుంచుకొందురు గాక.

తీసిన ముక్క సంగతి

ఇచట మేము మఱిమఱి చెప్పదలచిన మాట యొకటి కలదు. తీసిన కంతిని పాఱవేయరాదు. దానిని ఫార్మాలిను ద్రావకములో వేసి పరీక్షాలయమునకు పంపవలెను. కొవ్వు నీటికంటె తేలిక గనుక కొవ్వుకంతి యా ద్రావకములో మునుగక తేలుచుండును. అదియొక గుర్తు మాత్రమే. పరీక్షాలయమున దానిని సన్నని రేకులుగ కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శిని క్రింద చూతురు. పరిపక్వములైన కొవ్వుకణములే యున్నచో కొవ్వుకంతి యని రూఢియగును. నారపోగులు ఎక్కువగ నున్నచో దానిని నారకొవ్వుకంతి యందురు; ఇదియు సాధువే. ఏ మూలనైన దుష్టకణములు కనబడినచో వెంటనే తగిన చికిత్సకు మార్గమేర్పడును.

కావున శస్త్రచికిత్స యైన దినముననే, ముక్కను పరీక్షకు పంపినారా, ఆ కాగితము ఎప్పుడు వచ్చునని అడుగవలెను. వచ్చిన దినమున వెళ్లి తీసికొనవలెను. వైద్యునిచే చదివించి, అర్థము తెలిసికొని, యింటిలో భద్రపఱచవలెను. పెండ్లిపత్రికలను, పిల్లల జాతకములను పెట్టెలో దాచు మనము మన దేహమునకు సంబంధించిన యీ కాగితమును దాచలేమా?

తరువాతి జాగ్రత్తలు

మొద్దుబాఱిన చోటికి రెండు మూడు గంటలు స్పర్శ యుండదు. అంతవఱకు ఏమియు నమలరాదు. తెలియక బుగ్గను కొఱుకుకొనుట కలదు. మొదటి దినము వేడివేడి కాఫీ, కారము, గట్టి పదార్థములు మానవలెను. చల్లార్చిన జావ, మజ్జిగ అన్నము, మెత్తని పెరుగన్నము, పండ్ల రసము తీసికొనవచ్చును. ఆనాడు నోరు గట్టిగ పుక్కిలింపరాదు; మాటిమాటికి ఉమ్మివేయరాదు. అట్లు చేసినచో గడ్డకట్టిన రక్తము చెదరి మరల కారును. రక్తము ఊరుచున్నచో శుభ్రమైన గుడ్డను మడచి గాయముమీద పెట్టి పదునైదు ఇరువది నిమిషములు కదలక నొక్కి పట్టుకొనవలెను. అప్పటికిని నిలువకపోయినచో ఆసుపత్రికి పోవలెను. బుగ్గవాపునకు వెలుపల గుడ్డలో మంచు చుట్టి ఒత్తవచ్చును. తలగడ నెత్తుగ పెట్టుకొని పండుకొనవలెను.

రెండవ దినము మొదలు భోజనమైన ప్రతిసారియు గోరువెచ్చని ఉప్పునీటిని నోట పోసికొని మెల్లగ త్రిప్పి విడువవలెను. పండ్లు తోముట మానరాదు. గాయమునకు తగులకుండ తోమవలెను. వాపు రెండు మూడు దినములలో తగ్గనారంభించును. పట్టుదారపు కుట్లను సుమారు ఏడు దినములకు తీయుదురు. తాంబూలము, పొగాకు, చుట్ట ఆ దినములలో ముట్టరాదు. ముట్టకుండుట అప్పుడు అలవాటైనచో, పొగాకును శాశ్వతముగ విడుచుట మఱింత మేలు. జ్వరము వచ్చినను, వాపు తగ్గుటకు మాఱుగ పెరిగినను, చీము కనబడినను వైద్యునికి చూపవలెను.

మరల వచ్చునా యని అందఱును అడుగుదురు. పొరతో సహా పూర్తిగ తీసిన కొవ్వుకంతి మరల పుట్టుట యరుదు. బుగ్గయొక్కగాని నాలుకయొక్కగాని కండరముల నడుమకు చొచ్చుకొనిపోయిన తెగ యొకటి కలదు. దానిలో కొంత మిగిలిపోయినచో మరల పెరుగవచ్చును. అట్టివారు వైద్యుడు రమ్మన్న గడువులకు తప్పక పోయి చూపించుకొనవలెను.

సోదరీమణులకు మనవి

నెల కొకసారి, పగటి వెలుతురున, చేతులు కడుగుకొని అద్దము ముందు నిలిచి నోరు చూచుకొనుట ప్రతి గృహిణియు అలవఱచుకొనవలెను. పెదవులను మడచి లోపలితట్టు చూడవలెను. బుగ్గలను ప్రక్కలకు లాగి చూడవలెను. నాలుకను వెలికి చాచి రెండంచులను, పైకెత్తి క్రిందిభాగమును, తల వెనుకకు వాల్చి అంగిటిని చూడవలెను. పిదప వ్రేలితో తడవి, ఎచటనైన క్రొత్త పొంగు తగులునేమో గమనింపవలెను. దీనికి పట్టుకాలము పాలు పొంగు కాలమునకు మించదు. ఇంటిలో కన్ను సరిగా కనబడని అత్తగారో అమ్మమ్మయో యున్నచో వారి నోటిని సైతము కోడండ్లును కూతుండ్లును చూచుట ధర్మము. పండ్లకట్టు సరిపోవుట లేదని ముసలివారు గొణుగుచున్నచో, కట్టును నిందించుటకు ముందు దానిక్రింద ఏమున్నదో చూడుడు.

క్రొత్త పొంగు కనబడినచో దంతవైద్యుని చూచుట మొదటి మెట్టు. హైదరాబాదు, విజయవాడ, కడప పట్టణములలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలల ఆసుపత్రులు కలవు. అచట ఇట్టి కంతులను పరీక్షించి తీయుదురు. ధనము లేదను కారణముచేత ఎవరును ఆగనక్కఱలేదు. భర్తలకును, కుమారులకును సైతము మా మనవి యొకటి కలదు. ఇంటి యాడువారు నోటిలో ఏదో యున్నదని చెప్పినప్పుడు, నొప్పి యున్నదా యని అడిగి, లేదనగానే ఊరకుండకుడు. నొప్పి లేనప్పుడే తీసికొనిపోవుడు.

కొవ్వుకంతి యని తేలినచో కొన్ని దినముల శ్రమతో పీడ వదలును. కొవ్వుకంతి కాక వేఱొకటి యని తేలినచో, వేళకు తెలిసికొనుట వలన ప్రాణమే దక్కవచ్చును. ఈ రెండును చూపించుకొన్నవారికే గాని దాచుకొన్నవారికి లభింపవు.